బోర్లించిన కడవ

మల్లీశ్వరి చాటలోని వేరుశనగ విత్తనం కాయల మీద నీళ్ళు చిలకరించి, తడి లోపలికి ఇంకేదాకా ఆగి, ఒక్కో కాయను బొటనవేలితో నొక్కి ఒలుస్తూ ఉంది. ఎండుకాయను ఒలిస్తే గింజ మీది ఎర్రపొర చిట్లుతుంది. పొర చిట్లిన గింజ మొలవదు. ఎదురుగా కూర్చున్న అత్త కదిరమ్మ ఒలిచినవాటిలో నలిగిన గింజల్ని ఏరి వేరే గిన్నెలో వేస్తూంది. అవి చట్నీకి.

"నీ గిన్నెలో రాళ్ళు గూడా పడతాండాయి అత్తా, చూసుకో."

"నా కండ్లకు రాయీ గింజా ఒకటేమ్మే. మీ మామకు పండ్లు గట్టివి, నమిలేస్తాడు లే."

అరుగు చివర గునపం లాంటి గడారి మొనకు సాన పెడుతున్న పుల్లన్న తలెత్తలేదు. "పెండ్లైనకాడ్నుంచి నములుతానే ఉండా," అన్నాడు. ఆయనది బావులు తవ్వే పని. బోర్లు వచ్చాక కొత్త బావి తవ్వించేవాళ్ళు లేరు. పాత బావుల్లో పూడిక తీయడానికి పిలిస్తే ఇప్పటికీ తాడు పట్టుకుని దిగుతాడు.

తెల్లజీపు ఒకటి వీధి మలుపు తిరిగి వాళ్ళింటి ముందే ఆగింది.

"పంటల బీమావాళ్ళేమో," అంది కదిరమ్మ. "ఎండినప్పుడు రారు గానీ, విత్తకముందే వచ్చినారే!"

దిగిన ఇద్దరూ బీమావాళ్ళు కారు. ఇద్దరికీ జుట్టు ఒకే తీరుగా, పొట్టిగా కత్తిరించి ఉంది. పెద్దాయన హిందీ మనిషి. చిన్నాయన తన పేరు నాగేశ్వర అనీ, వైజాగ్ నుంచి, నేవీ నుంచి వచ్చామనీ చెప్పాడు. ఆ మాట వినగానే మల్లీశ్వరి చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది. ఆమె మొగుడు ఓబులేష్ నీళ్ళ కింద పోయే ఓడలో, యంత్రాల గదిలో పని చేస్తాడు.

"ఓబులేష్ క్షేమంగానే ఉన్నాడమ్మా. మా దగ్గరే ఉన్నాడు," అన్నాడు నాగేశ్వర.

"ఓడ పోయింది కదా సార్?"

"పోయింది. అతన్ని ఎక్కనివ్వలేదు."

కదిరమ్మ మిగతా మాట వినలేదు. చేతులు దులుపుకుని లేచి, అరుగు మూల బోర్లించి ఉన్న మట్టికడవ దగ్గరికి పోయి, రెండు చేతులా ఎత్తి నోరు పైకి వచ్చేలా నిలబెట్టింది. దానికి దండం పెట్టుకుంది. నాగేశ్వర, "మాకు నీళ్ళేమీ వద్దమ్మా, కూర్చోండి," అన్నాడు.

ఆయన కూర్చున్నది ప్లాస్టిక్ కుర్చీలో అయినా మాట్లాడింది మాత్రం నేల చూస్తూనే. ఓడ లోపలి ఫోటోలు, కొన్ని యంత్రాల కాగితాలు ఓబులేష్ ఫోన్ నుంచి బయటికి పోయాయట. ప్రశాంతి అనే పేరు పెట్టుకున్న ఎవరికో పోయాయట. ఆ పేరుగల మనిషి లేనే లేదట. "ఏమేం పోయాయి, వాటితో శత్రువు ఏం తెలుసుకోగలడు, మనవాళ్ళకు ఎంత ప్రమాదం అనేది లెక్క కట్టడమే మా పని. తప్పొప్పులు తేల్చేది వేరేవాళ్ళు."

"ఆ లెక్కను బట్టేనా సార్ శిక్ష?" పుల్లన్న గడారి పక్కన పెట్టాడు.

"చాలావరకు అంతే."

"ఇప్పటికి లెక్క ఎట్లుండాది?"

నాగేశ్వర కొంచెం తటపటాయించాడు. "పోయినవాటిలో చాలా మటుకు పాతవి. ఇంతటితో ఆగితే పెద్ద నష్టం లేదనే అనుకుంటున్నాం."

ఇద్దరూ మల్లీశ్వరి దగ్గర్నుంచి ఫోన్ తీసుకుని, ఆపేసి కవర్లో వేసుకుని, రేపు మళ్ళీ వస్తామని చెప్పి కళ్యాణదుర్గం లాడ్జికి వెళ్ళిపోయారు. వీధిలో జనం చేరారు. "ఏం పుల్లన్నా, కొడుక్కి ప్రమోషనా?" అని ఎవరో అడిగారు. "ఊ, ప్రమోషనే," అని తలుపు దగ్గరికి వేశాడు.

సాయంత్రం పుల్లన్న ఫోన్ పట్టుకుని, ఎవరికీ వినపడని గుట్ట దాకా పోయి చాలాసేపటికి తిరిగొచ్చాడు. వైజాగులో ఒక లాయరును ఫోనులోనే కుదుర్చుకున్నాననీ, ఇంతసేపూ ఆయనతోనే మాట్లాడాననీ చెప్పాడు. మాట మొదలుపెట్టడానికి ముందు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మల్లీ, వాడు లీవులో వచ్చినప్పుడు ఫోను నీ దగ్గర్నే ఉండేది కదా."

"అప్పుడప్పుడు ఉండేది మామా. పాటలు వినేదాన్ని."

"ఆ ఫోటోలు నువ్వే పంపినావని చెప్తే సరిపోతాదంట. పల్లెటూరి పిల్ల, ఓడ అంటే ముచ్చటపడి, స్నేహితురాలనుకోని ఎవరికో పంపింది. తెలియక చేసింది కాబట్టి నిన్నేమీ చేయరంట. వాడి ఉద్యోగం పోయినా జైలు తప్పుతాది."

మల్లీశ్వరి పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. తెడ్డు ఆపితే అడుగంటుతుందని ఆపకుండానే ఆలోచించింది. ఓబులేష్ జైల్లో ఉండటం ఆమె ఊహకు అందలేదు. నీళ్ళ కింద వారాలకు వారాలు వెలుతురు చూడకుండా ఉండి వచ్చే మనిషి. లీవుకొచ్చిన మొదటి రోజు ఊరికే ఎండలో నిలబడేవాడు.

"నన్ను కూడా తీస్కపోతే?"

"ఆడపిల్లను యాడికి తీస్కపోతారు? నేను ల్యానా?"

"సరే మామా. చెప్తా."

కదిరమ్మ ఆమెకు అన్నం పెట్టింది. ఎప్పుడూ లేనిది, సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి నెయ్యి పోసింది. మల్లీశ్వరి తింటున్నంతసేపూ పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరింది. "నువ్వు నా కడుపున పుట్టలేదు గానీ," అని ఏదో అనబోయి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మరునాడు నులకమంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని నాగేశ్వర ఒక్కొక్క ఫోటో తెరిచాడు. హిందీ పెద్దాయన పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. తెర మీద కుడిపక్క మూడు గళ్ళు ఉన్నాయి. ఎర్రది, పసుపుది, పచ్చది. ప్రతి ఫోటోనూ చూసి, ఇద్దరూ మాట్లాడుకుని, దాని ప్రమాదాన్ని బట్టి ఏదో ఒక గడిలోకి లాగుతున్నారు. బడిలో చదివిన హిందీతో మల్లీశ్వరికి సగం మాటలు తెలిశాయి. ఒక ఫోటోలో గుండ్రటి మీటరు ఉంది. దాని మీది గీత ఏ అంకె దగ్గర ఉందో చూస్తే ఓడ ఎంత లోతుకు పోతుందో పసిగట్టవచ్చునట. గీత మసకగా పడిందని పసుపు గడిలోకి లాగారు. ఒక గొట్టం ఫోటో ఎర్రగడిలోకి పోయింది. ఓబులేష్ టోపీ పెట్టుకుని నవ్వుతున్న ఫోటో పచ్చగడిలోకి పోయింది.

ఆమె తను చెప్పవలసిన మాటను లోలోపల వరసగా పెట్టుకుంటూ ఉంది. నోరు తెరవబోయేంతలో నాగేశ్వరే అన్నాడు.

"అమ్మా, మీ ఆయన విచారణ మొదటి రోజే ఒక మాట చెప్పాడు. ఇవన్నీ మీరే పంపారని. లీవులో ఫోన్ మీ చేతిలోనే ఉండేదని, మీకు ఆ ప్రశాంతితో ఎప్పట్నుంచో పరిచయమని. సంతకం కూడా పెట్టాడు. ఇది నిజమేనా?"

మల్లీశ్వరి మామ వైపు చూసింది. పుల్లన్న గడారి పట్టీ పట్టీ అరచేతిలో కాసిన కాయను గోటితో గీరుకుంటున్నాడు. తలెత్తలేదు. లాయరు చెప్పింది నిన్న. మొగుడు చెప్పింది అంతకు ముందే. ఆమె ఒప్పుకుంటుందో లేదో ఎవరూ ఆగి చూడలేదు. నిన్న మామ అడగడం ఊరికే.

"మొదటి రోజేనా సార్?" అంది.

"అవునమ్మా."

ఆమె చూపు మళ్ళీ తెర మీదికి పోయింది. ఆయన బలవంతపెట్టలేదు. "ఈ గొంతు మీదేనా చెప్పండి," అని ఇంకోటి తెరిచాడు.

లాప్‌టాప్‌లోంచి మల్లీశ్వరి గొంతు వచ్చింది. అరుగు మీద కూర్చున్న మనిషి గొంతులా కాదు, దుప్పటి కింద నోరు పెట్టుకుని మాట్లాడినట్టుగా. 'పోయిందబ్బా. మూడో నెల్లోనే పోయింది. నొప్పంటే కడుపునొప్పి అని చెప్పి పోయినా ఆస్పత్రికి. అత్తకు చెప్పలేదు, నువ్వు చెప్పొద్దన్నావు కదా. నువ్వు రావద్దు లే, లీవు దొరకదు కదా. ఊరికే ఒకసారి మాట్లాడు...' మధ్యలో ఎక్కిళ్ళు.

వంటింటి గడప దగ్గర కదిరమ్మ చేతిలోని చెంబు గోడకు తగిలింది.

"నాదే," అంది మల్లీశ్వరి. "నేను ఆయనకు పంపింది. ఆయనకొక్కడికే."

"అతను దీన్ని ఆమెకు పంపాడమ్మా," అన్నాడు నాగేశ్వర మెల్లగా. "తన కష్టం చెప్పుకోడానికి." దాని కింద ప్రశాంతి పంపిన ఏడుపు బొమ్మ ఉంది. దాని కింద ఓబులేష్ రాసిన మాట ఉంది. 'నా బాధ నీకొక్కదానికే అర్థమైతాది.'

హిందీ పెద్దాయన ఏదో అడిగాడు. ఘరేలూ బాత్, అన్నాడు నాగేశ్వర. ఇంటి సంగతి. ప్రమాదమేమీ లేదు. మల్లీశ్వరి గొంతు పచ్చగడిలోకి పోయింది, టోపీ ఫోటో పక్కకి.

ఆమె దాన్నే చూస్తూ ఉంది. ఆ వెనకే ఇంకొన్ని ఫోటోలు గబగబా అదే గడిలోకి పోతున్నాయి. అన్నీ ఒకటే అరుగు, ఒకటే కడవ. కొన్నిటిలో బోర్లించి ఉంది. కొన్నిటిలో నిలబడి ఉంది. ఒక్కో ఫోటో కింద ప్రశాంతి పలకరింపు. 'అయ్యో, బోర్లించినారా? మళ్ళీ ఎప్పుడు నిలబెడతారు?' 'నిలబడిందా, హమ్మయ్య!'

"మీ ఊళ్ళో నీళ్ళ కరువు గురించి జాలి పడుతున్నట్టు నటించిందమ్మా," అన్నాడు నాగేశ్వర. "కడవలో నీళ్ళున్నాయా లేదా అని. ఇలాంటి మాటలతోనే దగ్గరవుతారు."

మల్లీశ్వరి తెర దగ్గరికి జరిగి ఫోటోల కింది తేదీలు చూసింది.

మనిషి బావి అడుగున ఉన్నంతసేపు వాళ్ళింట్లో కడవ నోరు తెరిచి ఉండకూడదు. నోరు తెరిచిన కడవ నీళ్ళను పిలుస్తుందని నమ్మకం. పుల్లన్న దిగిన ప్రతిసారీ కదిరమ్మ బోర్లించేది, ఎక్కాడని తెలిశాకే నిలబెట్టేది. కొడుకు నీళ్ళ కింద పనికి పోయాక అతనికీ అదే చేసింది. ఓడ కదలబోయే ముందు ఓబులేష్ ఫోన్ చేసి, 'దిగుతాండాం, అమ్మకు చెప్పు,' అనేవాడు. కడవ బోర్లించగానే మల్లీశ్వరి ఫోటో తీసి పంపేది. ఓడ కదిలేముందు ఫోన్ పైవాళ్ళకు అప్పగించాలి, ఆలోపు అతను చూసుకోవాలని. తిరిగి ఒడ్డుకొచ్చి ఫోన్ చేస్తే, నిలబెట్టిన కడవ ఫోటో పంపేది. ఆమెకు తెలిసిన ప్రేమ కబురు అదొక్కటే. అతను వాటిని కూడా అటు పంపేశాడు. ఏ రోజు ఓడ మునిగిందో, ఏ రోజు తేలిందో, అన్నీ పచ్చగడిలో ఉన్నాయి. అన్నిటికంటే చివర ఉన్నది పోయిన వారం బోర్లించిన ఫోటో. ఆ ఓడ ఇప్పుడు నీళ్ళ కిందే ఉంది.

"తల తిరుగుతాంది సార్," అంది. "రేపు చెప్తా."

"రేపు పొద్దున మా రిపోర్టు వెళ్ళిపోతుందమ్మా. ఆలోచించుకోండి."

జీపు పోయాక కదిరమ్మ ఆమె దగ్గరికొచ్చి నిలబడింది. "నాకెందుకు చెప్పలేదే?"

"ఆయన చెప్పొద్దన్నాడు."

"నేను వేణ్ణీళ్ళయినా పెట్టిస్తా కదే. ఆ దినాల్లో నీతో కట్టెలు మోయించినా." కదిరమ్మ ఆమె పక్కన చతికిలబడి, కాసేపు వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. తర్వాత అదే చేత్తో కొంగు సర్దుకుని, "అయినా వాడు నీ మొగుడు. రేపు చెప్పెయ్. అంతటితో పోతాది," అంది.

"అత్తా, ఆ కడవ ఫోటోలు చూసినావా?"

"చూసినా. వాటికేమైంది?"

"వాటిని బట్టి ఓడ ఎప్పుడు పోతాదో తెలిసిపోతాది."

కదిరమ్మకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక గొంతు తగ్గించింది. "వాళ్ళకు తెలీదు కదా?"

"తెలీదు."

"తెలీనీయొద్దు. ఇప్పటికి తక్కువ నష్టమే అన్నారు కదా. నువ్వు నోరు తెరిస్తే వాడు మళ్ళీ బయటికి రాడు."

పుల్లన్న గడప మీద కూర్చుని వింటున్నాడు. "ఓడ లోపలున్నోళ్ళు ఎంతమందో," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. కదిరమ్మ గట్టిగా చూసేసరికి, "లాయరు చెప్పిందే చెప్పమ్మా," అని లేచి దొడ్లోకి పోయాడు.

మల్లీశ్వరి ఆ సాయంత్రం మిగిలిన కాయలు ఒలిచింది. ఒలుస్తూ తనను తాను అడిగింది. ఆ గొంతు వినకపోయి ఉంటే ఈ కడవ సంగతి చెప్పాలని తోచేదా? మొగుడి మీద కోపాన్ని దేశం పేరుతో తీర్చుకోవడమా ఇది? గింజల్లో చాలా వాటికి పొర చిట్లింది. కదిరమ్మ వాటిని ఏరి చట్నీ గిన్నెలో వేసింది.

పొద్దున్నే కదిరమ్మ బటన్ల ఫోన్ మోగితే మల్లీశ్వరి ఎత్తింది. పామిడి ఊరి సుజాత. మొగుడు యేసన్న అదే ఓడలో పని చేస్తాడు. వాళ్ళు వైజాగులో నేవీ క్వార్టర్సులో ఉంటారు.

"ఏమక్కా, నీ ఫోనుకేమైంది? వాట్సాపులో ఫోటో పంపితే ఒక్క టిక్కే పడింది."

"చెడిపోయింది సుజాతా. ఏం ఫోటో?"

"మీ అత్త మాదిరి నేనూ చేసినా! మావోడు పోయినప్పుడు బిందె బోర్లించినా. మట్టికడవ ఈడ యాడ దొరుకుతాది, స్టీలు బిందెతోనే సరిపెట్టినా. స్టీలుకు పని చేస్తాదా, అత్తనడుగు." సుజాత నవ్వింది. "మేము చర్చికి పోయేటోళ్ళం గదా, మా అమ్మ తిడతాంది. అయితే అయితాది లే, రెండు దిక్కులా మొక్కితే పోయేదేముంది? పక్కింటామె గూడా చూసి బోర్లించింది. ఓబులేషన్న పోలేదంట గదా? జరమా?"

"జరమే."

"మంచిదే అయ్యింది లే, ఈసారి చానా దినాలంట. స్టేటస్‌లో పెట్టనా బిందె ఫోటో?"

"వద్దు," అంది మల్లీశ్వరి. మాట గట్టిగా వచ్చింది. "పెట్టొద్దు సుజాతా. ఎవురికీ పంపొద్దు. బిందెను లోపల పెట్టుకో, ఎవురికీ కనపడనీకుండా."

"ఏమక్కా, దిష్టా?"

"దిష్టే అనుకో."

ఫోన్ పెట్టేసి, ముఖం కడుక్కుని, జీపు వచ్చేదాకా అరుగు మీదే నిలబడింది.

నాగేశ్వర లాప్‌టాప్ తెరవబోతుంటే ఆపింది. "ఓడ ఫోటోలు నేను పంపలేదు సార్. ఆ ప్రశాంతి ఎవరో నాకు తెలీదు. కడవ ఫోటోలు మాత్రం నేను పంపినవే. అవి నీళ్ళ గురించి కాదు." చేత్తో అరుగు మూలనున్న కడవను చూపించి, బావి దగ్గర్నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పింది. గొంతు పెంచలేదు. మధ్యలో ఎక్కడా మొగుడి పేరు ఎత్తలేదు.

నాగేశ్వర మొదట నవ్వబోయాడు. తర్వాత నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. పచ్చగడి తెరిచి కడవ ఫోటోల తేదీలు చూశాడు. తన దగ్గరున్న ఇంకేదో తీసి పక్కన పెట్టుకుని చూశాడు. హిందీ పెద్దాయన టీ గ్లాసు నేల మీద పెట్టేశాడు.

"ఆ ప్రశాంతికి కూడా ఈ అర్థం తెలుసంటారా?"

"తెలియకుంటే ఎప్పుడు నిలబెడతారని ఎందుకు అడుగుతాది సార్?"

కదిరమ్మ లోపలినుంచి దూసుకొచ్చింది. "అదేం ల్యా సార్! కడవ ఎండకు పగులుతాదని బోర్లిస్తాం, అంతే. ఇది మొగుడి మీద మంటతో చెప్తాండాది. నిన్న ఆ గొంతు విన్నాక దీనికి మతి నిలబడలేదు. అడుగు సార్, రాత్రి అన్నం గూడా తినలేదు!"

నాగేశ్వర ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. అత్త, కోడలు. తర్వాత గడప పక్కనున్న పుల్లన్న వైపు తిరిగాడు.

"పెద్దాయనా, మీరు చెప్పండి. ఈ ఇంట్లో ఆ ఆచారం ఉందా? ఉందంటే ఇదంతా మారిపోతుంది. మీవాడికి చాలా కష్టమవుతుంది. దాచిపెట్టి చెప్పడం లేదు. లేదంటే లేదని రాసుకుంటాను. కానీ ఆ ఓడకు ఇప్పుడే కబురు పంపాలా వద్దా అన్నది మీ మాట మీద ఉంది."

"చెప్పయ్యా," అంది కదిరమ్మ. "ఎండకని చెప్పు."

పుల్లన్న గోడకు ఆనుకుని ఉన్నాడు. మల్లీశ్వరి ఆయన్ను చూడలేదు. ఆయన ఏమంటాడో ఆమెకు తెలుసు. మొన్న సాయంత్రం గొంతు సవరించుకుని తనను అడిగిన మనిషే కదా.

"ఉండాది సార్," అన్నాడు పుల్లన్న.

"మీ అబ్బాయి వెళ్ళినప్పుడు కూడా?"

"వాడు పోయిన ప్రతిసారీ. ఈ పిల్ల చెప్పిందంతా నిజమే. ఓడ ఫోటోలు గూడా ఈ పిల్ల పంపల్యా. వాడే. వాడి పేరే రాసుకో."

కదిరమ్మ అరుగు మీద కూలబడింది. హిందీ పెద్దాయన అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుని వీధిలోకి నడిచి గట్టిగా మాట్లాడుతున్నాడు. నాగేశ్వర కడవ ఫోటోలను ఒక్కొక్కటే పచ్చగడిలోంచి ఎర్రగడిలోకి లాగాడు. అన్నీ అయ్యాక పచ్చగడిలో టోపీ ఫోటో, మల్లీశ్వరి గొంతు, ఇంకో రెండు మూడు మిగిలాయి. లాప్‌టాప్ మూత మూసి జీపెక్కాడు.

జీపు లేపిన ధూళి అణిగింది. "కన్నతండ్రివే," అంది కదిరమ్మ చివరికి. "కన్నతండ్రివే కొడుకు నోట్లో మట్టి పోస్తివి కదయ్యా." ఆ మాట మొగుడి వైపు అన్నా, చూపు మాత్రం కోడలి మీద ఉంది.

మల్లీశ్వరి మెట్టు మీద కూర్చుంది. మామ ఇప్పుడు తనను తిడతాడని అనుకుంది. తిట్టినా బాగుండుననిపించింది. ఎందుకిట్ల చేసినావని అడిగినా సరే, లేదా కొడుకు అడగనైనా అడగకుండా ఆమె పేరు రాయించినందుకు నొచ్చుకుని ఒక్క మాట అన్నా సరే.

పుల్లన్న దండెం మీది తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. గడప దాటాడు. "యాడికి పోతావయ్యా ఎండలో?" అని కదిరమ్మ అరిచింది. ఆయన మెట్ల దగ్గరికొచ్చేసరికి మల్లీశ్వరి కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. ఆమె ముఖం చూడలేక, చెప్పులు కూడా వేసుకోకుండా, పుల్లన్న వీధిలోకి దిగి వెళ్ళిపోయాడు.